చేతులు మారిన అక్షరాలు

3-2-1986, సోమవారం, పర్చూరు
మంచినీళ్ళు రెండు బిందెలు. మిరపకాయలు ఎండబోసి, పొద్దుగూకేముందు ఎత్తాను. నాలుగు చొక్కాలకు గుండీలు కుట్టాను.
ఖైరున్నీసా ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. ఆరో తరగతి. తెలుగు 9, ఇంగ్లీషు 4. నోటితో అడిగితే ఏ లెక్కయినా నాకంటే ముందే చెబుతుంది. కాగితం మీద మాత్రం బి రాయమంటే డి, మ రాయమంటే య. ఒత్తులన్నీ ఎగిరిపోతాయి. ఏప్రిల్లో తప్పితే బడి మాన్పించి తన టైలర్ షాపులో గుండీలకు కూర్చోబెడతానన్నారు వాళ్ళ నాన్న.

5-2-86
మా అన్న సుభానీ గుర్తొచ్చాడు. సత్తెనపల్లిలో పత్తి తీసే రోజులు. ఒళ్ళో తెల్లగా పత్తి, పక్క సాలులోంచి అన్న గొంతు. చెప్పిన కథ మళ్ళీ చెప్పేవాడు కాదు. ఆడవాళ్ళు “ఒరేయ్ సుభానీ, రాక్షసుణ్ణి అప్పుడే చంపకురా, ఈ సాలు అయిందాకా ఉంచు” అనేవాళ్ళు.
బళ్ళో వాచకం తెరిస్తే మూగవాడే. బెత్తం దెబ్బలు పడలేక అయిదులోనే మానేశాడు. ఇప్పటికీ బస్సు బోర్డు పక్కవాళ్ళనడిగి ఎక్కుతాడు. కథలు ఎప్పుడు మానేశాడో మాకెవరికీ గుర్తులేదు.

9-2-86
మిరపకాయలు ఎత్తాను. ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

12-2-86, సాయంత్రం
కొత్త ఇంగ్లీషు టీచర్ జయకుమారి గారు ఇంటికొచ్చారు. పక్కింట్లో పంచదార అప్పు తెచ్చి టీ ఇచ్చాను. పలక మీద ఇంగ్లీషు చిన్న బి, చిన్న డి రాసి, తేడా ఏమిటని ఖైరూని అడిగారు. పిల్ల ఆవిడ తాగిన కప్పు తీసుకుని ఇటొకసారి, అటొకసారి తిప్పింది.
“పిడి అటు తిరిగితే కప్పు కాకుండా పోద్దా టీచర్?”
ఆవిడ పలక పక్కన పెట్టారు. తర్వాత సోషల్ పాఠం పైకి చదివి ప్రశ్నలడిగారు. ఒక్కటీ తప్పలేదు. ఇది మందబుద్ధి కాదట. డిస్లెక్సియా అంటారట, ట్రైనింగ్‌లో విన్నారట. మంచి తెలివిగల పిల్లలకూ ఉంటుందట. కొడితే పోదట. పాఠం చదివి వినిపించాలి, అక్షరాన్ని వేలితో తడిమించాలి అన్నారు. నాకు అన్న వీపు మీది బెత్తం చారలు కనపడ్డాయి.
మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

14-2-86
ఆయన షాపు నుంచి కుట్టని చొక్కా చేతులు రెండు తెచ్చారు. ఎడమ చేతి మీద బి, కుడి చేతి మీద డి, లావు దారంతో కుట్టారు. ఖైరూ వేలు పట్టుకుని దారం మీద నడిపించారు.
“కప్పు సంగతి నిజమేనే. కానీ ఈ చెయ్యి తీసి ఆ వైపు కుడితే చొక్కా చెడుద్ది గదా. అక్షరం కప్పు కాదమ్మా, చొక్కా.”
పిల్ల పకపకా నవ్వింది. మరి షాపు సంగతేమిటని అడిగాను. గుండీలకు నువ్వు చాల్లే అన్నారు.

16-3-86
అన్న వచ్చాడు. చొక్కా చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇది ఏ అక్షరమే అని ఖైరూని అడిగాడు. అది మామయ్య వేలు పట్టుకుంది.

29-4-86
పరీక్షలో ప్రశ్నలు టీచర్ చదివి వినిపించారు. తెలుగు 38, ఇంగ్లీషు 35. ఏడులోకి వచ్చింది.

30-4-86
ఇవాళ్టి లెక్క ఖైరూ రాసింది. దిద్దను.
పకింటి మదాబీ పచదార ఇచేసాం. అపు చెలు.