నల్ల వైరు

డిసెంబర్ 2

మామగారు ఇవాళ నోరు తెరిచారు. ఈ ఏడు కూడా లైట్లు వెలగాలి అన్నారు. అంతే, మళ్లీ పేపర్లో తల దూర్చేశారు.

ఏటా డిసెంబర్ సెలవులకి ఇంటి ముందంతా లైట్లు పెట్టేది నా భార్య. సైన్‌బోర్డుల షాపులో పని తనది. ఏ బల్బు ఎప్పుడు ఏ రంగులో వెలగాలో కంప్యూటర్లో రాసి, ఓ చిన్న కంట్రోలర్ డబ్బాలోకి ఎక్కించేది. నా పని నిచ్చెన పట్టుకోవడం, విసుక్కోవడం. పోయిన డిసెంబర్లో లైట్లన్నీ బిగించి, స్విచ్ వెయ్యకముందే ఆస్పత్రిలో చేరింది. వేసవిలో పోయింది.

ఇప్పుడు ఇంట్లో నేనూ, వాళ్ల నాన్నా. మా ఇద్దరికీ మొదటినుంచీ పడదు. తను మధ్యలో ఉండబట్టి నెట్టుకొచ్చాం. ఆయన రెండు ముద్దలు తిని లేచిపోతారు. నేను బతిమాలను. బతిమాలడం నాకు రాదు.

డిసెంబర్ 4

లైట్లు గోడకి అలాగే వేలాడుతున్నాయి. ఎవరం తియ్యలేదు. కంట్రోలర్ వరండాలో ఉంది కాబట్టి బతికింది. వాటికి కరెంటిచ్చే పవర్ సప్లై మాత్రం వానకి తుప్పు పట్టి ఇటుకలా అయింది. మేం ఆస్పత్రిలో ఉన్నప్పటి వానలే అవి.

కంట్రోలర్ని ముట్టుకోవాలంటే భయంగా ఉంది. తను చివరగా రాసింది అందులోనే ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. లాప్‌టాప్ సైన్‌బోర్డుల షాపు వాళ్లు ఎప్పుడో తీసుకెళ్లి తుడిచేశారు.

డిసెంబర్ 6

ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లాను. అయిదు వోల్టులా, పన్నెండా అన్నాడు షాపతను. ఏది పెద్దదైతే అది ఇవ్వమన్నాను. అతను నన్ను చూసిన చూపు! బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాణ్ణి నేను పాఠం చెప్పే డ్రైవింగ్ స్కూల్లో అలాగే చూస్తాను. అయిదు వోల్టుల బల్బులకి పన్నెండు ఇస్తే ఒక్కసారి బ్రహ్మాండంగా వెలిగి పోతాయిట, మళ్లీ వెలగవుట.

బల్బులెన్ని అన్నాడు. చాలా అన్నాను. లెక్కపెట్టి, దండ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి రమ్మని ఇంటికి తోలాడు.

అయిదొందలు, అయిదు వోల్టులవి. అన్నీ తెల్లగా వెలిగితే ముప్పై ఆంపులు లాగుతాయిట. సప్లైని పీక మీద కాలేసి నడపకూడదు, నలభైది తీసుకోండి అన్నాడు. అరవై అని స్టిక్కరున్నదీ, నలభై అని ఉన్నదీ నా రెండు చేతుల్లో పెట్టాడు. అరవైది దూదిలా ఉంది, స్టిక్కరే తప్ప లోపల సరుకు లేదు. బరువున్నదే తెచ్చాను.

డిసెంబర్ 7

వెలిగాయి. గుమ్మం దగ్గర తెల్లగా, పోనుపోను పసుపుగా, తను చివర్లో పడుకున్న గది కిటికీ మీదికొచ్చేసరికి ఎర్రగా. ఏడ్చిన కళ్లలా.

చివరిదాకా చూడబుద్ధి కాక స్విచ్ ఆపేశాను. మామగారు లోపలికెళ్లి పడుకున్నారు. తినలేదు.

డిసెంబర్ 8

దూరం పోయేకొద్దీ వోల్టేజి పడిపోయి తెలుపు ఎర్రబారుతుందిట. చివర ఇంకో సప్లై పెట్టాలి, అయితే రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా మధ్యలో ఎర్ర వైరు కత్తిరించాలి అన్నాడు షాపతను. ఈ ముక్క మొదటే ఏడవొచ్చు కదా!

డిసెంబర్ 10

రెండో సప్లై తెచ్చి చివర బిగించాను. కత్తిరించాల్సిన చోటు సరిగ్గా తన కిటికీ పైన. గది లోపలినుంచి చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆ గది తలుపు వేసవి నుంచీ తియ్యలేదు. బయటినుంచే నిచ్చెన వేశాను.

మామగారు కింద నిలబడి నిచ్చెన వంకరగా ఉందని సణుగుడు. ఒకసారి చెప్తే సరిపోదూ? నాకు ఒళ్లు మండి ఎర్ర వైరూ, దాని పక్కనున్న నల్ల వైరూ ఒకే కోతలో కోసి పారేశాను. ఎలాగూ రెండు సప్లైలూ కలవకూడదుగా. కంట్రోలర్ మాట బల్బులకి మోసే సన్నటి డేటా వైరొక్కటే మిగిల్చాను. మామగారు ఏదో అనబోయి ఆగిపోయారు.

సాయంత్రం

రంగులు కుదిరాయి. కానీ కిటికీ మీది బల్బులు మిగతావాటి మాట వినడం లేదు. వాటంతట అవే వణుకుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ వణుకుతున్నాయి.

మామగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. వచ్చింది అన్నారు.

డిసెంబర్ 11

ఇవాళ కూడా.

డిసెంబర్ 13

ఆయన కంచం పట్టుకుని వరండాలోకెళ్లి కూర్చుంటున్నారు. కిటికీ వైపు తిరిగి కంచం ఖాళీ చేస్తున్నారు. నిన్న మారు అడిగారు! బీపీ మాత్ర వేసుకున్నానని కిటికీకి చెప్తున్నారు. నా మీద పితూరీలు కూడా.

నాకు భయంగా ఉంది. ఇవాళ పాఠం చెప్తూ ఖాళీ రోడ్డు మీద బ్రేకు తొక్కాను.

రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేనూ కిటికీని అడిగాను, నొప్పి తగ్గిందా అని. వెంటనే మెరిసింది.

డిసెంబర్ 15

షాపతనికి ఫోన్లో ఫొటో చూపించాను. నెత్తి కొట్టుకున్నాడు. నల్ల వైరెందుకు కోశారు సార్ అన్నాడు. సప్లైలు ఎన్నున్నా నల్లవన్నీ కలిసే ఉండాలిట. లేకపోతే డేటా వైరులో వచ్చే మాట బల్బులకి అర్థంకాక పిచ్చిపిచ్చిగా వెలుగుతాయిట.

అంటే అది తను కాదు. నా కోపం.

ఇంకోటి కూడా అన్నాడు. ఇలాగే నడిపిస్తే ఏదో ఓరోజు కంట్రోలర్ మాడిపోతుంది అని.

మామగారికి ఎలా చెప్పను? కలిపితే ఆయన మళ్లీ తిండి మానేస్తారు. కలపకపోతే తను రాసింది పోతుంది.

డిసెంబర్ 16

చెప్పేశాను. తెలుసు అన్నారు!

నేను కోస్తుంటే చూశారుట. నలభై ఏళ్లు టీవీలు బాగుచేసిన మనిషి, తెలియకేం. చేతులు వణుకుతాయని ఆ పని మానేశాను గానీ బుర్ర వణకలేదు అన్నారు. మరి చెప్పరేం అని అరిచాను. అప్పుడు చెప్పారు. తను మొట్టమొదటిసారి లైట్లు పెట్టినప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేసిందిట. నల్ల వైరు కలపక బల్బులు ఇలాగే వణికాయిట. ఈయన పడీపడీ నవ్వితే అలిగి రోజంతా మాట్లాడలేదుట. అది నా కూతురి తప్పు బాబూ, ఇన్నేళ్లకి మళ్లీ కళ్లబడింది, ఎలా ఆపమంటావు అన్నారు.

కంట్రోలర్ మాడిపోతుంది మామయ్యగారూ అన్నాను. ఆయన లేచి కూతురి గది తాళంచెవి తెచ్చారు.

తలుపు తీశాం. కుర్చీ మీద తన శాలువా అలాగే ఉంది. కిటికీలోంచి ఆయనే చేతులు చాపారు. చేతులు వణుకుతుంటే నేను మణికట్లు పట్టుకున్నాను. నల్ల వైరుని నల్ల వైరుకి మెలిపెట్టి టేపు చుట్టారు.

సాయంత్రం

అన్నీ బుద్ధిగా వెలిగాయి. గుమ్మం నుంచి కిటికీ దాకా నీలం అలలు, ఆకుపచ్చ, తెలుపు. వణుకు లేదు. మామగారు కంచం పక్కన పెట్టేశారు.

అలలు చివరికొచ్చి ఆగాయి. అప్పుడు కిటికీ మీద మాత్రం మొదలైంది. అదే వణుకు.

పరిగెత్తాను. టేపు బిగువుగానే ఉంది. ఆపి మళ్లీ మొదటినుంచి వేశాను. సరిగ్గా అక్కడే, సరిగ్గా అలాగే వణికింది. మూడోసారీ అంతే. అది తప్పు కాదు. తను రాసి పెట్టింది. పోయిన డిసెంబర్లో వాళ్ల నాన్నని ఏడిపిద్దామని, తన మొదటి తప్పుని తనే కూర్చుని రాసింది.

నన్ను వెక్కిరిస్తోందయ్యా అని మామగారు పగలబడి నవ్వారు. నవ్వుతూనే ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. కంచం ఆయన చేతికిచ్చి, తినండి అని బతిమాలాను.

డిసెంబర్ 19

సాయంత్రం నుంచి వీధంతా కరెంటు లేదు. అయినా వరండాలో రెండు కుర్చీలు వేశాను.

చీకట్లో ఉన్న కిటికీ వైపు చూపించి, అదిగో అన్నారు మామగారు.

అవునన్నాను.