లోపల గడియ లేని గేటు

అక్కా,

రాత వంకరగా ఉంది, తప్పులుంటాయి, క్షమించు. నువ్వు చదవలేవని తెలిసినా రాస్తున్నాను.

ఆ రోజు వానలో నిన్ను బయటికి నెట్టి బావ లోపల గడియ పెట్టుకున్నాడు. నువ్వు తడుస్తూ ఆళ్లగడ్డకు, మా ఇంటికి వచ్చి జ్వరంతో పడుకున్నావు. మళ్లీ లేవలేదు.

నిన్న నంద్యాలలో బావ కొత్త ఇంటి గృహప్రవేశం. తోటకు గేటు మేమే కానుకగా ఇచ్చాం. మల్లెతీగ నేను గీస్తే, మా ఆయన కడ్డీలు వంచి వెల్డింగ్ చేశాడు. చుట్టాలంతా మెచ్చుకుంటుంటే బావ లోపలివైపు తడిమి చూశాడు.

"గడియ యాడ మే? మర్సిపోయినారా?"

బావ ముందు మొదటిసారి తలెత్తాను.

"బయట పెట్టినాం బావా. మా యక్క వస్తే తీసి లోపలికొస్తాది."

బావ గేటు మీంచి చెయ్యి తీసేశాడు.

రేపు లోపల ఇంకో గడియ పెట్టించుకుంటాడు. పెట్టించుకోనీ. వేసిన ప్రతిసారీ నువ్వు గుర్తుకు రావాలి.

నాలో ఇంత కసి ఉందని అమ్మకు తెలియకూడదు. ఇది నేనే కాల్చేస్తానక్కా.