గీత గీసిన కాలు

గుండుసూదికి తాత ఆశీస్సులు.

మీ నాన్న మళ్ళీ నా గుండీల డబ్బా మూత పెట్టలేదు. ఇల్లంతా గుండీలే. ఒకటి నా మంచినీళ్ళ గ్లాసులో దొరికింది. చెబితే "పోన్లే నాన్నా" అంటాడు. పోతే పోనివ్వడానికి అవేమన్నా వాడివా?

ఇంకో చిన్న విషయం. నా కుడికాలు తీసేస్తున్నారు. మోకాలి కింద ఎముకలో కణితి ఉందట. కేన్సర్ కాదట. డాక్టరు కాగితం మీద కాలి బొమ్మ వేసి, దానికి అడ్డంగా గీత గీశాడు. నలభై ఏళ్ళుగా గీత గీసిన చోట కత్తెర పెట్టే దర్జీని, నాకు తెలీదా? మిషను తొక్కే కాలే పోతోందమ్మా. ఎడమకాలికి తొక్కుడు నేర్పిస్తున్నా. వట్టి మొద్దు, చక్రాన్ని వెనక్కి తిప్పుతోంది.

నీ తాత

తా.క. కుడి చెప్పు ఎవరికైనా కావాలేమో కనుక్కో. కొత్తదే.

*

కత్తెర తాతకి,

రోజూ స్కానింగ్ గదిలో పనిచేసే మనవరాలిని పెట్టుకుని, నన్నడక్కుండానే కాలు తీయించేసుకుంటావా? నాన్న పంపిన కాగితాలు చూశాను. ఆ గీత కోతకి కాదు, సూది వెళ్ళే దారి! స్కాన్‌లో చూసుకుంటూ సన్నటి సూదిని కణితి దాకా పంపిస్తారు. దాని మొన వేడెక్కి కణితిని మాడ్చేస్తుంది. నడుం కింద మత్తిస్తారు. మర్నాడు ఇంటికొచ్చేస్తావు. నువ్వు మాత్రం ఏదీ కత్తిరించకు!

గుండుసూది

తా.క. ఫోన్లో చెబుదామంటే నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా.

*

గుండుసూదీ,

ఆలస్యం చేశావు. నాలుగు ప్యాంట్లకి కుడికాలు మోకాలి దాకా కత్తిరించి, మడిచి కుట్టేశాను కూడా. కుట్టు మాత్రం కళ్ళకద్దుకోవాలి.

దారం లేని సూది, పైగా వేడెక్కుతుందా? సూదినీ ఇస్త్రీపెట్టెనీ ఒకటి చేశారన్నమాట! సరే, వెళ్తాను. ఒక్కటి మాత్రం ఎగతాళిగా అడగడం లేదు. మళ్ళీ మిషను తొక్కగలనా?

తాత

తా.క. స్కాన్‌లో నిద్రపోతే నా గురక కూడా ఫోటోలో పడుతుందా?

*

తాతా,

వారం ఆగి తొక్కచ్చు. మీ డాక్టర్ని నేనే అడిగాను.

ఆ ప్యాంట్ల సంగతి చదివి ఏడుపొచ్చింది. నాలుగు కొత్తవి పంపిస్తున్నా, వేసుకో.

గుండుసూది

తా.క. అక్కడ కోతివేషాలు వెయ్యకు.

*

గుండుసూదికి,

అయిపోయింది. డాక్టరు దుప్పటి తీసేసరికి ఎడమకాలి మీద నేను సుద్దతో రాసింది కనబడింది: "తప్పు చిరునామా. పక్క కాల్లో విచారించండి." నర్సమ్మ నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. సూది దిగిన చిల్లేమో చొక్కా కాజా కంటే చిన్నది. ఇంత కష్టపడ్డాక నలుగురికీ చూపిద్దామంటే ఎవరికీ కనబడదే!

వారం ఆగి, ఇవాళ మిషను తొక్కాను. మొదటి కుట్టు వంకరపోయింది. తప్పు కాలిది కాదులే, కళ్ళు మసకేశాయి.

నువ్వు పంపిన ప్యాంట్లు అందాయి. రెండు కాళ్ళకీ సరిపోయాయి.

నీ రెండుకాళ్ళ తాత

తా.క. నువ్వు ఏడ్చానన్నావు కాబట్టి చెబుతున్నా. నా ప్యాంట్లు నాలుగూ బీరువాలో ఇస్త్రీ మడతల్లోనే ఉన్నాయి. నేను కత్తిరించినవి మీ నాన్నవి, పెళ్ళిళ్ళకి వేసుకెళ్ళాలని దాచుకున్నవి. వాడింకా చూసుకోలేదు. గుండీల డబ్బాకి మూత పెట్టడం వచ్చాక, ఆ కాళ్ళు అతికించే సంగతి ఆలోచిస్తా.