టవర్ కొలిచిపోయినారు నాయనా

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. రమ్మని నువ్వు హోసూరుకీ కృష్ణగిరికీ తిరిగి తిరిగి అడిగినావే, ఆ ఆఫీసు మనుషులు ఈ పొద్దు కెలమంగలం వచ్చినారు. మన పట్టుపురుగుల ఇంటి పక్కన సెల్ టవర్ కింద నిలబడి దాని రేడియేషన్ మీటర్‌తో కొలిచినారు.

"అంతా లిమిట్ లోపలే ఉందమ్మా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"మా నాయన తలలో గడ్డతో పోయినాడప్పా. ఎంత కొంచెమైనా, ఏండ్లకొద్దీ తగిలితే ఒంట్లో కణాలకు ఏమీ కాదా?" అని అడిగినాను.

ఆయన మీటర్ సంచిలో పెట్టుకుంటా చెప్పినాడు. "ఒళ్ళు వేడెక్కేంత లేదని చెప్పగలనమ్మా. గడ్డ దీనివల్లే వచ్చిందనేదానికి రుజువు లేదు. ఎప్పటికీ ఏమీ కాదని రాసియ్యనూ లేను."

మంచివాడే నాయనా. కోపం చేసుకోవాలన్నా నాకు చేతకాలేదు.

అమ్మ లోపల పురుగులకు ఆకు వేస్తా ఉండింది. ఈ తూరీ సగం పురుగులు గూడు కట్టకుండానే చచ్చినాయి. దానికీ కారణం ఎవరూ చెప్పలేదు.

"ఏమన్నారు?" అని అడిగింది.

"ఏమీ లేదంటమ్మా."

అమ్మ ఆకు వేసే చెయ్యి ఆపింది.

"అట్లయితే మీ నాయన ఏంటికి పోయినాడు?"

నీ బిడ్డ,
లక్ష్మి