వందలో రెండు వాటాలు

వదినకి, నీ మరిది నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడుగారూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. నాకంటే ఎక్కువ మాట్లాడుతోంది. నీ తోడికోడలు మాత్రం మూడు రోజులుగా నాతో పలకడం లేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు, నాకేం బాగోలేదు.

కళ్ళజోళ్ళ షాపు ఎప్పుడు తెరుస్తావని కూడా అడిగావు. రంగులు వేయిస్తున్నానని పోయిన ఉత్తరంలో కోతలు కోశాను. రంగులూ లేవు, పాడూ లేదు. అసలు సంగతి వేరు. కూర్చుని చదువు.

అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు, నువ్వు స్నానానికి ఇంటికెళ్ళే వేళలో మేమిద్దరం పందేలు కాసేవాళ్ళం. వచ్చే నర్సమ్మ ముందు జ్వరం చూస్తుందా, ముందు నన్ను తిడుతుందా అని. ఓడినవాడు షాపులో ఒక వాటా ఇచ్చుకోవాలి. అన్నయ్యవి వందలో యాభై ఒకటి, నావి నలభై తొమ్మిది కదా. తిడుతుందని కాసింది నేను. వరసగా రెండు రోజులు నన్నే ముందు తిట్టింది మహాతల్లి. నేను ఊరుకుంటానా? మన కంపెనీ వాటాల పుస్తకం మంచం దగ్గరికే పట్టుకెళ్ళాను. అన్నయ్య దర్జాగా సంతకం పెట్టి, "ఇక నువ్వేరా యజమానివి. పోయి అద్దాలు తుడువు" అన్నాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత వారానికే పోయాడు.

ఆ పేజీ చింపడం మర్చిపోయాను వదినా. మన ఆడిటరుకి వేళాకోళం అంటే ఏమిటో పుట్టుకతోనే తెలీదు. ఏడాది కాగితాలతో పాటు దాన్నీ, మనం ఎవరి పేరు మీద షాపు నడుపుతున్నామో ఆ పెద్ద కంపెనీకి పంపేశాడు.

పోయిన నెల వాళ్ళ ఆఫీసరమ్మ వచ్చింది. మనకిచ్చిన ఫ్రాంచైజీ ఒప్పందంలో ఒక రూలుందట. వ్యక్తి పేర కాకుండా కంపెనీ పేర షాపు ఉంటే, అందులో సగానికి మించిన వాటా ఉన్న మనిషి మారే ముందు వాళ్ళ అనుమతి తీసుకోవాలి. తీసుకోకపోతే ఒప్పందం రద్దు. పెద్ద వాటా ఉన్న మనిషి పోతే మాత్రం, ఆరు నెలల్లో అర్జీ పెట్టుకుంటే అది భార్యకి వస్తుంది. అంటే నీకు రావాల్సింది మా పందెంలో పోయిందన్నమాట.

ఆవిడ పుస్తకం నా ముందు పెట్టి, "ఈ సంతకం మీ అన్నగారిదేనా? ఆయనదైతే నేను చేయగలిగింది లేదు. కాకపోతే వాటా మారనట్టే. ఆలోచించి చెప్పండి" అని కిటికీ వైపు తిరిగింది. మంచి మనిషి.

"నేనే గీకానండీ" అన్నాను.

"ఎందుకు?"

"ఆశ."

రాసిమ్మంటే రాసిచ్చాను. దొంగ సంతకం పెట్టినవాడికి వాటా ఉండకూడదట, షాపులో అడుగు పెట్టకూడదట. నా నలభై తొమ్మిదీ నీ పేరే రాసేశాను, ఈసారి ముందుగా అనుమతి అడిగి మరీ. అన్నయ్యవీ కలిస్తే వందా నీవే. ఈ నెలాఖరులోపు వచ్చి అర్జీ మీద సంతకం పెట్టు. పది రోజులు వాళ్ళే పని నేర్పుతారు. భయపడకు, ముప్ఫయ్యేళ్ళు ఆయనకి అన్నం క్యారేజీతో పాటు సలహాలూ పంపినదానివి.

నేను దొంగనని ఈపాటికి బంధువులంతా చెప్పుకుంటున్నారు. నీ తోడికోడలూ నమ్మింది. అమ్మాయికీ చేరుతుంది. చేరనీ. నువ్వు కూడా పదిమందిలో అవునవునని తలూపు, లేకపోతే షాపు పోతుంది. నీకొక్కదానికే నిజం రాస్తున్నాను. చదివాక చింపెయ్యి.

ఒక్కటే తట్టుకోలేకపోతున్నాను. ఆ కాగితంలో "మా అన్నయ్యకి తెలియకుండా" అని రాయమన్నారు. అక్కడ పెన్ను ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి ఎన్ని వెధవ పనులు చేశాను వదినా, ఆయనకి తెలియకుండా ఒక్కటీ చేయలేదు.

ఇట్లు,
నీ పెంకి మరిది