జొన్నరొట్టెలో సగం

శనివారం, వనపర్తి

ఈ రోజు నాగర్‌కర్నూల్ శిక్షణలో నా వీడియో నాకే చూపించారు. జొన్నరొట్టెను సగం, పావు చేసి భిన్నాలు చెప్పే మూడు నిమిషాల పాఠం. చేతులు నావి, రొట్టె నాది. గొంతు మాత్రం సరితది. కింద పేరూ ఆమెదే. ఆరేళ్లుగా ఒకే బడిలో పాఠాలు చెప్పి, ఒకే బస్సులో పక్కన కూర్చున్న మనిషి! చూస్తానని అడిగితే నేనే పంపాను.

డిజిటల్ పాఠం ముక్క ఎలా ఉండాలో ఆమెకు రాసిచ్చిందీ నేనే. ఒకే విషయం చెప్పాలి, ముందూ వెనకా పాఠాలు లేకున్నా అర్థం కావాలి, ఏ ఊరి టీచరైనా తీసుకుని తన తరగతిలో వాడుకోగలగాలి. ఆ మాటలే ఇవాళ వేదిక మీద చదివింది.

టీ దగ్గర నిలదీశాను.

"నువ్వే రాసినవ్ గదనే, ఎవరన్న వాడుకోవచ్చని. గిప్పుడు గింత పరేషాన్ ఏంది?" అంది.

వాడుకోమన్నాను. చేసినవాళ్ల పేరు తుడిచెయ్యమన్నానా? ఈ మాట తిరుగు బస్సులో తట్టింది.

అసలు మంట అది కూడా కాదు. వీడియో చివర మా చిన్ని "అమ్మా, నాకు సగం కావాలె" అంటుంది. ఆ గొంతును మాత్రం సరిత తీసెయ్యలేదు. హాలంతా నవ్వింది. "ఎవరి పాప మేడమ్?" అని ఎవరో అడిగితే, రెండో వరుసలో నేనుండగానే సరిత "మా పాపే" అంది.

ఇంటికొచ్చేసరికి చిన్ని గుమ్మంలోనే ఉంది. "నా గొంతు ఇనవడ్డదా అమ్మా? అది నేనేనని అందరికి చెప్పినవా?"

చెప్పానన్నాను.