ఒక్క వాక్యం సిఫారసు

నాయనా,

ఈ రోజు నీ తిథి. దండం పెట్టినా నీ మీద కోపం పోలేదు.

నీ మనవరాలు సుజాతకు అమెరికా బిజినెస్ స్కూల్లో సీటు రాలేదు. సిఫారసు ఉత్తరం తననే రాసుకోమని, సంతకం మాత్రం పెడతానని అది పనిచేసే హిందూపురం మిల్లు మేనేజరు అన్నాడట. షిఫ్టులన్నీ నడిపే పిల్ల "చెప్పిన పని తప్పు లేకుండా చేస్తుంది" అని ఒక్క వాక్యం రాసుకుంది.

"ఇంతేనా రాసేది?"

"మనల్ని మనం పొగుడుకోకూడదని తాత చెప్పినాడు గదమ్మా!"

ధర్మవరంలో షావుకారు నువ్వు నేసిన పట్టుచీర చూసి "ఏముందప్పా దీంట్లో?" అంటే తలవంచుకున్నావు. దాన్నే వినయమని సుజాతకూ నేర్పావు. నేనూ మెచ్చుకున్నాను.

మళ్లీ అప్లై చేస్తోంది. ఈసారి నేను చెబుతున్నాను, అది రాస్తోంది. ఒక్క అబద్ధమూ లేదు నాయనా, అప్పుడే మూడు పేజీలైంది.